కిషన్‌రావు బంబు చల్లారిన ఏడాది

నాందేడ్‌లో ఇప్పుడు బంబు కొనేవాడు లేడు. ఈ మాట ఎవరైనా అంటే కిషన్‌రావుకు కోపం రాదు. అన్నవాడి ముఖం వంక కాసేపు చూసి, "మీ ఇంట్ల తానానికి నీల్లు ఎట్ల కాగుతయి?" అని అడుగుతాడు. గీజరు అని జవాబు వస్తుంది. "గీజరు నీల్లను ఎచ్చవెడతది. బంబు కాగవెడతది. రెంటికి ఫరక్ ఉన్నది" అంటాడు. ఆ ఫరక్ ఏమిటని అడిగినవాడికి మాత్రం ఆ పూట బేరం, పని అన్నీ అక్కడే తెల్లారిపోతాయి.

బంబు అంటే మనిషి నడుమెత్తు రాగి పీపా. దాని కడుపులో నిలువునా ఒక గొట్టం. గొట్టంలో నిప్పు, గొట్టం చుట్టూ నీళ్లు. అడుగున బూడిద రాలే జల్లెడ. పైనున్న గరాటులో చన్నీళ్లు పోస్తుంటే పక్కనున్న ఇత్తడి నల్లాలోంచి వేన్నీళ్లు దిగుతుంటాయి. ఒకప్పుడు ఈ ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాడు తలుపులు బిగించకముందే బంబు కొనేవాడట. ఇప్పుడు దెగ్లూర్ దారిలో ఒక ధాబావాడు బంబు కొని అందులో మనీప్లాంటు పెట్టాడు. కిషన్‌రావు ఆ దారిన బస్సులో వెళ్లినప్పుడల్లా రెండో వైపు కిటికీ దగ్గర కూర్చుంటాడు.

ఆయనది కర్ఖేలి అనే పల్లె. రైతు ఇంట మూడో కొడుకు. ఉన్న చెలక ఇద్దరన్నలకే చాలలేదు. మేనమామ తీసుకొచ్చి ఇత్వారా బజారులో ఒక రాగి పనివాడి దగ్గర వదిలిపెట్టాడు. నాగలి పట్టాల్సిన చెయ్యి సుత్తె పట్టింది. ఆ ఉస్తాదు మరాఠీవాడు, ఓపిక తక్కువ, మాట తక్కువ. ఒక్క మాట మాత్రం రోజూ అనేవాడు. అతుకు కళ్లకు కనపడితే సిగ్గు, నీళ్లకు కనపడితే చావు. కిషన్‌రావు దాన్ని తెలుగులో తనకు తాను చెప్పుకుని, ముప్ఫై ఏళ్లు అతుకులు పెట్టాడు. ఆయన బంబు కారిందని ఎవరూ తిరిగి తెచ్చింది లేదు.

ఇంట్లో ఉన్న బంబు పెళ్లయిన ఏడాది చేసుకున్నది. దాని సంగతి ఎత్తితే ఆయన భార్య సుమిత్రాబాయి ఇప్పటికీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "పెండ్లయిన కొత్తల నా మీద కంటె గా బంబు మీదనే ఎక్కువ చెయ్యి తిప్పిండు" అంటుంది కోడలి ముందే. కోడలు రూపాలి వినపడనట్టు పప్పు కడుక్కుంటుంది.

కొడుకు సూర్యకాంత్ ఎస్టీలో, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సులో, కండక్టరు. నాందేడ్ నుంచి దెగ్లూర్, దెగ్లూర్ నుంచి నాందేడ్. వాడు గీజరు పెట్టించిన నాటి నుంచి బంబు పెరటి రేకుల స్నానాల గది మూలన ఉండిపోయింది. దాని మీద చీపుర్లు ఆరేసేవారు. రాగి నల్లబడింది. కిషన్‌రావు దుకాణంలో ఇప్పుడు చేసేది పాత బిందెలకు కళాయి, కూలరు తొట్లకు మాట్లు. పనిలేనప్పుడు ఎదురుగోడ మీది ఫ్లెక్సీ చూస్తుంటాడు. డాక్టరీ పరీక్షకు తయారు చేసే క్లాసులవాళ్లది అది. వరుసగా పిల్లల ముఖాలు, ముఖాల కింద మార్కులు. ఏటా ముఖాలు మారతాయి. తప్పినవాళ్ల ముఖాలకు ఏ ఊళ్లోనూ గోడ దొరకదు.

ఆ ముఖాల పక్కన ఒకనాడు తన మనవడి ముఖం ఉంటుందని ఆయన అనుకునేవాడు. సూర్యకాంత్ కొడుకు నితీశ్‌కు పదిహేడేళ్లు. పన్నెండో తరగతి, పొద్దంతా క్లాసులు.

కార్తీకం చలి మొదలైన ఒక ఉదయం ఆ నితీశే పెరట్లో నిలబడి అడిగాడు.

"తాతా, నీ బంబు ఇంకా పనిజేస్తదా?"

"పనిజేస్తదా అని అడుగుతవేందిరా? మీ బాపు పుట్టినప్పటి సంది తానం చేపిచ్చింది ఇదే."

"గీజరుల ఒక్క బకీటు కాంగనే సల్లనీల్లు అస్తున్నయి."

కిషన్‌రావుకు ఇంకేం కావాలి? ఆ రోజు దుకాణం తెరవలేదు. చింతపండు, బూడిద కలిపి బంబును తోమాడు. మధ్యాహ్నానికి రాగి రంగు తేలింది. జల్లెడ సరిచేసి, కంది కట్టె పెట్టి రాజేశాడు. నితీశ్ లోపలికి వెళ్లి గంట దాకా రాలేదు. వచ్చేసరికి ఒళ్లు ఎర్రబడి, ముఖం మాత్రం నిద్రలేచిన పసివాడిలా తేటగా ఉంది.

"ఎట్లుందిరా?"

"దీని ముంగట గీజరు దండుగ తాతా."

ఆ ఒక్క మాట కిషన్‌రావు ఇత్వారా బజారంతా పంచిపెట్టాడు. కళాయి చేయించుకోవడానికి వచ్చినవాళ్లకు చెప్పాడు, చాయ్ బండివాడికి చెప్పాడు, చెప్పినవాడికే మళ్లీ చెప్పాడు. మొబైల్ పోరళ్లు అంటారు గానీ, మంచి వస్తువును గుర్తుపట్టేవాడు గుర్తుపడతాడు అన్నాడు.

ఆ తర్వాత నితీశ్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బంబు స్నానం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు మధ్యాహ్నం కూడా. ఆదివారమైతే లెక్కే లేదు. కిషన్‌రావు సామిల్లు నుంచి కట్టెముక్కలు మోయించి పేర్చాడు. మనవడు క్లాసు నుంచి వచ్చే వేళకు బంబు బుసబుసలాడుతూ ఉండాలి. అది ఆయన కొత్త కొలువు.

"మామా, గీ పోరడు తానంల ఉంటడా, క్లాసుల ఉంటడా?" అని రూపాలి సణిగింది.

"శుచి బిడ్డా. మన ఇంట్ల ఎవ్వలికి రాని శుచి వీనికి అచ్చింది."

"మీ కొడుక్కైతే రాలే, గది నిజం" అంది సుమిత్రాబాయి.

వాంతుల సంగతి ముందుగా తెలిసింది రూపాలికే. పొద్దున్నే స్నానాల గదిలోంచి వచ్చే శబ్దం నీళ్లది కాదని తల్లికి తెలుస్తుంది. అడిగితే బయట తిన్న వడాపావ్ పడలేదన్నాడు. మర్నాడు సమోసా అన్నాడు. మూడోనాడు ఏమీ తినలేదు, అయినా కక్కాడు. కడుపు పట్టుకుని వంగిపోయి, బంబు దగ్గరికి పరుగెత్తి, నీళ్ల కింద కూర్చుంటేనే సర్దుకునేవాడు. కిషన్‌రావు చూసింది ఆ సర్దుకోవడాన్నే. "సూడు, రాగి నీల్ల గుణం" అన్నాడు. నిజానికి ఆ ఇంట్లో మనవడి రోగాన్ని అందరికంటే దగ్గరగా చూసినవాడు ఆయనే. అందరికంటే సంతోషంగా చూసినవాడూ ఆయనే.

ఒక డాక్టరు ఆమ్లం అన్నాడు, మాత్రలు రాశాడు. ఇంకొక డాక్టరు గొంతులోంచి గొట్టం వేసి చూసి, ఏమీ లేదు, పరీక్షల భయం అన్నాడు. సుమిత్రాబాయి నజరు తగిలిందని తేల్చింది. నజరు తీయడానికి వాడే మిరపకాయలు ఆమెకు ఎక్కడివి పడితే అక్కడివి పనికిరావు. ధర్మాబాద్ మిరపకాయే కావాలి, అది ఆమె పుట్టింటి వైపు పంట. దాన్ని తిప్పి నిప్పులో వేస్తే ఇంటిల్లిపాదీ దగ్గాలి. ఎవరు దగ్గకపోతే వాళ్లకు నజరు ఉన్నట్టు. అందరూ దగ్గారు, పక్కింటివాళ్లు కూడా దగ్గారు. నితీశ్ ఒక్కడే దగ్గలేదు.

"సూసినవా, నజరే!" అంది సుమిత్రాబాయి.

వాడి గొంతు అలాంటి పొగలకు అలవాటు పడి ఉందని ఆమెకు ఎలా తెలుస్తుంది?

వాడు చిక్కిపోయాడు. ప్యాంటు జారుతోందని బెల్టు తెచ్చి తాత చేతికిచ్చాడు. కిషన్‌రావు మేకు పెట్టి, ఒక్క దెబ్బతో కొత్త రంధ్రం గుండ్రంగా కొట్టి ఇచ్చాడు. కొన్నాళ్లకు మళ్లీ తెచ్చాడు. మళ్లీ కొట్టాడు. రంధ్రం ఎంత శుభ్రంగా వచ్చిందో చూసుకున్నాడు గానీ, ఎందుకు కొడుతున్నానో అని చూసుకోలేదు. కడుపు మీద చర్మం వలలాగా గోధుమరంగు చారలు దేరిందని రూపాలి చూపిస్తే, "రాగి వేడి గట్లనే ఉంటది బిడ్డా, జర కొబ్బరినూనె రాయి" అన్నాడు. ఒకటి రెండుసార్లు బంబు పొగలో వేరే వాసన తగిలింది. పచ్చికట్టె పడ్డట్టుంది అనుకున్నాడు.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరాక ఒకనాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కిషన్‌రావుకు నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, ఇంకా పారుతూనే ఉన్నాయి. పిలిస్తే పలుకు లేదు. రేకు తలుపును భుజంతో తోశాడు. నితీశ్ బండల మీద పడి ఉన్నాడు. నల్లాలోంచి నీళ్లు వాడి పొట్ట మీద పడుతున్నాయి. కిషన్‌రావు నల్లా కట్టేయబోతే వాడు కళ్లు తెరవకుండానే అన్నాడు.

"బంద్ చెయ్యకు తాతా… పొయ్యి… ఇంకింత పొయ్యి."

స్టేషన్ వైపున్న ఒక దవాఖానాలో చేర్చారు. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు ప్రీతి రైల్వే వాళ్ల అమ్మాయి. తండ్రిది నిజామాబాద్ వైపు, తాను పుట్టి పెరిగింది నాందేడ్‌లోనే. వీళ్ల మాట వినగానే తెలుగులోకి దిగింది. రక్తపరీక్ష కాగితం చూసి, ముందు సెలైను వేగం పెంచమని నర్సుకు చెప్పింది. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ల నుంచి, ఏ వేళప్పుడు, ఏం తింటే. రూపాలి అన్నిటికీ జవాబు చెప్పింది.

"తానం వేడినీళ్లతో చేస్తాడా?"

ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం రూపాలి నోరు తెరవకముందే కిషన్‌రావు ముందుకొచ్చాడు. అంత దుఃఖంలోనూ ఆయన ఛాతీ కొంచెం పొంగింది.

"బంబు నీల్లు మేడం. రాగి బంబు. నేనే చేసిన."

"రోజుకొక్కసారా?"

"ఒక్కసారేంది? మూడు నాలుగు సార్లు. గంట గంట సేపు. బంబు ఇడిచి రాడు, గంత మంచిగనిపిస్తది."

డాక్టరు రాయడం ఆపింది. ముసలాయన ముఖంలోకి చూసింది. "కాక, మీరందరు జర బయట కూసోండి. నేను బాబుతోని ఒక్కదాన్నే మాట్లాడాలె" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నంత సేపూ కిషన్‌రావుకు తాను ఏదో సరైన జవాబు చెప్పాననే అనిపించింది. తలుపు తెరుచుకునేసరికి సూర్యకాంత్ కూడా బస్సు అప్పజెప్పి యూనిఫారంతోనే వచ్చి ఉన్నాడు.

"వాడే చెప్పుమన్నడు, అందుకే చెప్తున్న" అంది ప్రీతి. "రెండేండ్ల నుంచి గంజాయి తాగుతున్నడు. ఏడాది నుంచి రోజూ."

సూర్యకాంత్ లేచాడు. చెయ్యి కూడా లేచింది. డాక్టరు తలుపుకు అడ్డం నిలబడింది.

"కొట్టేది తర్వాత చూసుకుందురు. ముందు కిడ్నీ సంగతి చూడాలె. ఒంట్ల నీళ్లు లేక కిడ్నీ మీద దెబ్బ పడ్డది. ఇయ్యాల నీళ్లు ఎక్కిస్తున్నం కాబట్టి తేరుకుంటడు. ఇట్లనే సాగితే తేరుకోడు."

"పోలీస్ కేసు అయితదా మేడం?" సూర్యకాంత్ గొంతు తగ్గింది.

"నేను డాక్టర్ను. జమేదార్ను కాదు."

"గంజాయికి కక్కుడేంది బిడ్డా?" సుమిత్రాబాయికి నమ్మకం కుదరలేదు. "ఘాట్ కాడ సాధువులు ముసలోల్లయ్యేదాంక తాగుతరు. ఒక్కడన్న కక్కంగ సూసినమా?"

"అందరికీ రాదమ్మా. రోజూ తాగేటోళ్లల్ల కొందరికి వస్తది. ఎవరికి వస్తదో ముందుగాల ఎవరికీ తెల్వదు. కొంచెం ఉంటే కక్కును ఆపుతది, రోజులకొద్దీ పోగైతే అదే కక్కిస్తది. పిల్లగానికేమో అది తాగితేనే కడుపు తేలికైతదని భ్రమ. అందుకని ఇంకా తాగుతడు. వేడినీళ్లు పడ్డంత సేపు ఆగుతది, తీస్తే మళ్ల మొదలు. అందుకే అడిగిన, తానం సంగతి." ఆగి, కొంచెం నెమ్మదిగా అంది. "పదిహేడేండ్లకు మెదడు కూడ ఇంకా పచ్చిగనే ఉంటది. చదివింది నిలుస్తలేదని వాడే చెప్పిండు."

మిగతావాళ్లు ఇంకా ఏవేవో అడుగుతున్నారు. కిషన్‌రావుకు వినబడలేదు. అతుకు పెట్టే మంటే ఎక్కువైతే అతుకును కరిగిస్తుంది. ఆ మాత్రం సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయనకు ఎక్కనిది ఇంకొకటి. ఇన్నాళ్లూ వాడు మెచ్చుకున్నది బంబును కాదు. కారుతున్నది తన ఇంట్లోనే, నీళ్లకు కనపడింది, తనకే కనపడలేదు.

మర్నాడు డాక్టరు ఒక పూతమందు తెప్పించి నితీశ్ కడుపు మీద రాయించింది. రాసిన కాసేపటికి వాడు అయ్యో మంట అని మొత్తుకుని, ఆ తర్వాత నిద్రపోయాడు. అది మిరపకాయ కారంలోంచి తీసే మందేనని, ఆ మంట వేడినీళ్లలాగే కక్కును అణుస్తుందని ప్రీతి చెప్పడమే తప్పయింది.

"మిరపకాయనా? గంతేనా?" సుమిత్రాబాయి లేచి నిలబడింది. "ఇంట్ల ధర్మాబాద్ కాయలు బస్తెడున్నయి. నూరి తెస్త."

"అమ్మా, అమ్మా! నూరిన కారం పెడితే తోలు ఊడొస్తది. ఇది లెక్కప్రకారం చేసిన మందు."

"నేను ముందుగాల్నే మిరపకాయనే పట్టిన గద. జర కడుపు మీద పెట్టకపోతి, నిప్పుల ఏస్తి" అని ఆమె గొణుక్కుంటూ కూర్చుంది. డాక్టరు నవ్వాపుకోలేక కాగితాల వంక తిరిగింది. దవాఖానాలో చేరాక ఆ మంచం దగ్గర ఎవరైనా నవ్వింది అప్పుడే. నితీశ్ కూడా పెదవి కదిపాడు.

అందరూ చాయ్‌కి వెళ్లినప్పుడు కిషన్‌రావు మంచం పక్కన కూర్చున్నాడు. ఎవరిచ్చారు, పైసలెక్కడివి అని తండ్రి అడిగినవేవీ ఆయన అడగలేదు.

"ఇంట్ల తాగినవారా?"

నితీశ్ గోడవైపు తిరిగి ఊఁ అన్నాడు.

"యాడ?"

"బంబు కాడ. గా పొగల కలిసిపోతది తాతా. ఎవ్వలికి తెల్వదు."

కోపం రావలసిన చోట కిషన్‌రావుకు సిగ్గే వచ్చింది. మనవడి చెయ్యి తీసుకుని, సూది గుచ్చిన చోటు తప్పించి, తన అరచేతిలో పెట్టుకున్నాడు. సుత్తె పట్టి పట్టి గరుకుబారిన అరచెయ్యి అది. వాడు లాక్కోలేదు.

ఇంటికొచ్చాక సూర్యకాంత్ బంబును పాతసామాన్ల బండికి వేస్తానన్నాడు. "అది ఏం జేసిందిరా?" అన్నాడు కిషన్‌రావు. అంతకంటే గట్టిగా వాదించలేదు. బంబు ఉండిపోయింది. నితీశ్ వారానికోసారి దవాఖానాకు వెళ్లి, ప్రీతి చెప్పిన మనసు డాక్టరు దగ్గర కూర్చుని వచ్చేవాడు. మొదట్లో నిద్ర పట్టేది కాదు, ఉత్తపుణ్యానికే తల్లి మీద విరుచుకుపడేవాడు. మెల్లగా అన్నం రుచి తెలిసింది. గీజరు నీళ్లు ఒక్క బకెట్‌తో బయటికి వచ్చేవాడు. రొట్టె మీద రొట్టె అడుగుతున్నాడని రూపాలి మురిసింది.

పరీక్ష దగ్గర పడింది. క్లాసులవాళ్లు రోజూ ఒక పరీక్ష పెట్టి, రోజూ ర్యాంకులు ఫోన్లకు పంపేవాళ్లు. పిల్లల గుండెలు ఎలా కొట్టుకుంటున్నాయో పంపే పద్ధతి వాళ్లింకా కనిపెట్టలేదు. నితీశ్ ర్యాంకు అడుగున ఉంది. యోగేశ్ అని వాడితో కూర్చునే పిల్లాడు, ముందునుంచీ గంజాయి తెచ్చిపెట్టేవాడు, ఒక్కటి తాగితే చదువు ఎక్కుతుందన్నాడు. ఇదంతా తర్వాత తెలిసింది.

అప్పటికి తెలిసింది ఒకటే. వైశాఖం ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు మీద కుక్క కూడా లేదు. భోజనానికి ఇంటికొచ్చిన కిషన్‌రావు సందు మొదట్లోనే ఆగిపోయాడు. తన పెరట్లోంచి పొగ లేస్తోంది.

ఇంట్లో ఆడవాళ్లిద్దరూ పక్కవీధిలో అప్పడాలు ఒత్తడానికి పోయారు. కిషన్‌రావు పెరట్లోకి వచ్చాడు. నితీశ్ తానే బంబు రాజేసుకుని, నల్లా కింద ముడుచుకుని కూర్చున్నాడు. చన్నీళ్లు పోసే ఓపిక కూడా లేదు. బంబులో నీళ్లు అడుగంటాయి. గొట్టం ఎర్రగా కాలుతోంది.

"తాతా, జర గరాట్ల నీల్లు పొయ్యి. కడుపు నొస్తుంది."

కిషన్‌రావు కదలలేదు.

"పొయ్యి తాతా! నీ కాల్మొక్కుత. పొయ్యకపోతే సచ్చిపోత."

ఎదురుగా రెండు దారులు ఉన్నాయి. గరాటులో నీళ్లు పోస్తే ఈ పూటకు వాడు నవ్వుతాడు. పోయకపోతే ఏడుస్తాడు, తిడతాడు, బహుశా మళ్లీ తాతా అని పిలవడు. ఇంకా ఒకటి ఉంది, అది పనివాడికి మాత్రమే తెలిసేది. అంతగా కాలిన గొట్టంలో చన్నీళ్లు కుమ్మరిస్తే నిప్పు ఆరుతుంది గానీ అతుకు పగులుతుంది. ఉస్తాదు దగ్గర ఎవడైనా ఆ పని చేస్తే సుత్తె విసిరి కొట్టేవాడు.

కిషన్‌రావు బకెట్ ఎత్తి గొట్టంలో నిప్పు మీద కుమ్మరించాడు.

ఆవిరి పైకప్పు రేకుల దాకా లేచింది. టంగుమని ఒక చప్పుడు. బంబు నడుం దగ్గర సన్నటి చీలిక విచ్చుకుని, మిగిలిన నీళ్లు కన్నీళ్లలా కాదు, ఉచ్చలా సిగ్గులేకుండా కారడం మొదలుపెట్టాయి. నితీశ్ ఏడుపు ఆపి చూశాడు. బంబు అంటే తాతకు ఏమిటో ఆ ఇంట్లో తెలియనివాడు లేడు.

"తాతా, నీ బంబు…"

"పోనీరా. గది నేను చేసిందే, మళ్ల చేస్త. నిన్ను చేసుడు నాకు రాదు." వాడిని లేపి తువ్వాలు చుట్టాడు. "నడువు. ఆటో పిలుస్త. మేడం తాన ఉన్నది ఉన్నట్టు చెప్పు. సిగ్గైతే నేను చెప్త."

"నేనే చెప్త" అన్నాడు నితీశ్.

ఈసారి తొందరగా వెళ్లారు కాబట్టి కిడ్నీ దాకా రాలేదు. డాక్టరు ప్రీతి తిట్టలేదు. ఒకసారి జారడం మామూలేనని, దాచకుండా రావడమే మామూలు కాదని అంది. పరీక్ష మాత్రం ఆ ఏడు పోయింది. సూర్యకాంత్ మొదట చాలా బాధపడ్డాడు, తర్వాత మంచం మీద కొడుకు వాంతి లేకుండా కిచిడీ తినడం చూసి బాధపడడం మర్చిపోయాడు. ఎదురుగోడ ఫ్లెక్సీ మీద కొత్త ముఖాలు వచ్చాయి. నితీశ్ బీఎస్సీలో చేరాడు, సైకిలు మీద వెళ్లొస్తాడు. యోగేశ్‌ను వాడి తండ్రి ముద్ఖేడ్‌కు తీసుకుపోయాడని, వాడినీ అక్కడెవరో డాక్టరుకు చూపిస్తున్నారని విన్నారు.

వానాకాలం సెలవుల్లో కిషన్‌రావు పగిలిన బంబును దుకాణానికి మోయించాడు. నితీశ్ తిత్తి ఊదాడు. చీలిక మీద రాగిపట్టీ వేసి అతికారు. ఎంత రుద్దినా మాటు కనపడుతూనే ఉంది, నడుముకు మొలతాడు కట్టినట్టు.

"ఇది సిగ్గు కాదా తాతా? మీ ఉస్తాద్ ఏమంటుండె?"

"అనేటోడు పోయిండు. నీల్లకు కనవడకపోతే సాలు. నువ్వు ఊదురా, మంట తగ్గుతుంది."

దీపావళి నాడు తెల్లవారుజామున ఆ ఇంట్లో అందరూ తలకు, ఒంటికి నూనె పెట్టుకుని బంబు నీళ్లతో స్నానం చేయాలి. ఈ ఊరి పద్ధతి అది. గీజరు వచ్చాక ఆ ఇంట్లో అది తప్పిపోయింది గానీ, ఈసారి ఏ గీజరూ ఆ ఒక్క రోజుకు పనికిరాదని సుమిత్రాబాయి తీర్పు. మళ్లీ కార్తీకం ముంగిట బంబు పెరట్లోకి వచ్చింది. ఈసారి దాన్ని స్నానాల గది బయట నిలిపి, నల్లా ఒక్కటే రేకులోంచి లోపలికి పెట్టారు. ఏడాది కిందట ఈ రోజుల్లోనే నితీశ్ దాని కింద గంటలు గంటలు కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ దాన్నే తలుచుకుంటున్నారు.

సుమిత్రాబాయి మనవడి వీపుకు సున్నిపిండి రుద్దింది. "కండ పట్టిండు ముండ కొడుకు" అని ముద్దుగా తిట్టింది. కడుపు మీద వలచారలు చాలావరకు మాసిపోయాయి. వాడు రేకు తలుపు వేసుకున్నాడు. బయట కిషన్‌రావు గరాటు దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డాడు. రూపాలి వత్తి వేస్తున్న దీపం దగ్గర చెయ్యి ఆపింది. నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది.

"అబ్బా! తాతా, కాలుతుంది! ఎన్ని కట్టెలు పెట్టినవ్? సల్లనీల్లు పొయ్యి, జల్ది పొయ్యి!"

కిషన్‌రావు చెంబు నిండా చన్నీళ్లు పోశాడు. ఇంకొకటి పోశాడు.

"ఇంకా కాలుతుందారా?"

"ఇంకా కాలుతుంది!"

ముప్ఫై ఏళ్లు బంబులు చేసిన మనిషికి ఎవరూ అంత మంచి మాట చెప్పలేదు. "పోస్తున్న, ఆగురా" అంటూ ఆయన నవ్వుతూనే పోశాడు. నితీశ్ రెండు చెంబులు గబగబా ఒంటి మీద కుమ్మరించుకుని, తుడుచుకోకుండానే బయటికి ఉరికాడు. టపాకాయలు కాల్చడానికి సందులో పిల్లలు వాడిని పిలుస్తున్నారు.

బంబులో నీళ్లు సగం కూడా అయిపోలేదు. కిషన్‌రావు నిప్పు తీయకుండా అలాగే ఉంచి, తాను స్నానానికి కూర్చున్నాడు.